గల్లీ వైపు గోడ

అనసూర్యకు పెళ్లయిన నాటి నుంచీ ఒక సందేహం ఉంది. వ్రతం పీటల మీద మొగుడు అక్షింతలు వేస్తుంటే, పక్కన కూర్చున్న పెళ్లాం అతని చేతికి చెయ్యి తాకిస్తే చాలు, పుణ్యంలో సగం ఆమెకు వస్తుందని అయ్యగారు చెబుతాడు. మంచిదే. మరి అతను ఏదైనా అన్యాయం చేస్తూ చెయ్యి తాకించమంటే? అందులోనూ సగం వస్తుందా? ఒక కార్తీకంలో ధర్మపురి పోయి గోదావరిలో మునిగి, నరసింహస్వామి దర్శనం అయ్యాక ఈ మాట గుడి అయ్యగారినే అడిగింది. ఆయన నవ్వి, "గిసోంటి ఆలోచనలు పెట్టుకోకమ్మా, తీర్థం తీసుకో" అన్నాడు. తీర్థం తీసుకుంది. సందేహం మాత్రం ఆమెతోనే బస్సెక్కి ఇంటికి వచ్చింది.

భర్త రాయమల్లు మునిసిపాలిటీ మెంబరు అయ్యాక ఇంట్లో పొయ్యి చల్లారిన రోజు లేదు. కౌన్సిలు ఆఫీసులో కూర్చుంటుందని పేరే గాని, అక్కడ దేనికి చేతులెత్తాలో తేలేది వీళ్ల ఇంటి వెనక, గల్లీ వైపు ఉన్న కచేరి అర్రలోనే. మెంబర్లు గల్లీ తలుపు నుంచి వస్తారు, బీడీలు కాలుస్తారు, ఊరిని ఇటు జరిపి అటు జరుపుతారు. అనసూర్య చాయ్ పెట్టాలి, గ్లాసులు ఎత్తాలి, బీడీ ముక్కలు ఊడవాలి. బస్టాండు దగ్గర ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించే ముచ్చట ఎప్పుడూ అన్నింటికన్నా చివర వచ్చేది. అది వచ్చేసరికి చాయ్ అయిపోయేది. "వచ్చే మీటింగుల చూద్దాం తియ్" అని లేచేవాళ్లు. ఒకసారి, గిన్నెలు కడిగిన నీళ్లు బజార్లో పారబోస్తే జుర్మానా వెయ్యాలని తీర్మానం చేస్తున్నారు. చేతిలో చాయ్ పళ్లెంతో గడపలో నిలబడ్డ అనసూర్య ఆగలేకపోయింది. "మోరీలు తవ్వకుంట జుర్మానా వేస్తె నీళ్లు యాడ పొయ్యాలె?" అంది. అర్రంతా గొల్లుమంది. "రాయమల్లూ, మీ ఇంట్ల ఇంకో మెంబరు ఉన్నట్టున్నది గదనె!" అన్నాడు ఒకాయన. అందరూ పోయాక రాయమల్లు మొహం ఎర్రగా చేసుకున్నాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా? చాయ్ తెచ్చినమా, పెట్టినమా, పోయినమా. గంతే." గంతే. ఆ మాటతో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆమె బోళ్లు తోముతూనే ఉంది. నీళ్లు బజార్లోనే పోసింది. ఇంకెక్కడ పోస్తుంది?

ఆ కచేరి అర్ర ఉన్న చోట ఒకప్పుడు ఆమె స్నానాల దొడ్డి ఉండేది. పెద్దబిడ్డ పుట్టిన ఏడు, ఆమె పచ్చి బాలింతగా ఉన్నప్పుడే, వానకు దొడ్డిగోడ గల్లీలోకి పడిపోయింది. "ముందుగాల ముంగటి అరుగు కానీ, గోడకు ఏం తొందర?" అన్నాడు రాయమల్లు. గల్లీకి అవతల ఇల్లు లతీఫున్నీసాది. అప్పటికామె కొత్త కోడలు. గోడ పడ్డ చప్పుడు విని, సంగతి తెలుసుకుని, తన ఇంటి వాకిట వేలాడే పెద్ద పర్దా విప్పి పనిమనిషి చేతికిచ్చి పంపింది. పర్దా లేదు గనక వర్షాకాలమంతా లతీఫున్నీసా తన వాకిట్లోకే రాకుండా లోపలి గదిలో ఉండిపోయింది. తాళ్లకు కట్టిన ఆ పర్దా చాటునే అనసూర్య స్నానం చేసింది, పసిబిడ్డకు నీళ్లు పోసింది. ఎండకూ వానకూ అది పీలికలైపోయింది. తర్వాత గోడ లేచింది గాని స్నానానికి కాదు, కచేరి అర్రకు. అనసూర్యకు వంటింటి మూలన నాలుగు తడకలు దక్కాయి. కొత్త పర్దా కొనిద్దామని ఎన్నిసార్లు అడిగినా రాయమల్లు వినలేదు. లతీఫున్నీసా మాత్రం గోడ అవతల నుంచి నవ్వేది. "చెల్లె, నాకు ఒక పర్దా బాకీ ఉన్నవ్. యాదికున్నదా?"

ఇప్పుడు లతీఫున్నీసా గోడకే గండం వచ్చింది. బియ్యం వ్యాపారి అంబదాస్ దుకాణం పెద్దబజారులోకి ముందుకొచ్చిందని, వెనక్కి తియ్యాలని కౌన్సిలు హుకుం ఇచ్చింది. అతను కోర్టుకెక్కాడు. ఏళ్లు గడిచాక కచేరి అర్రలో రాజీ కుదిరింది. అతను దావా వాపసు తీసుకోవాలి, దుకాణం జోలికి ఎవరూ పోకూడదు, దానికి బదులు ఈ గల్లీ చివరున్న అతని గోదాముకు లారీ పోయేటట్టు గల్లీ వెడల్పు చెయ్యాలి. ఎటువైపు నుంచి? దీనికి రాయమల్లే తీర్మానం చెప్పి రాయించాడు. ఏ వైపు ఇంటి యజమాని ఇష్టపడి జాగా ఇస్తే ఆ వైపే. విధవరాలైన లతీఫున్నీసా ఇల్లు హైదరాబాద్‌లో ఉండే ఆమె బావ సర్దార్ పేరిట ఉంది. నష్టపరిహారం ఇస్తే జాగా తీసుకొమ్మని అతను అక్కడి నుంచే ఒప్పుకున్నాడు. మెంబరు తన ఇంటి సంగతిలో ఓటు వెయ్యకూడదు గనక, రాయమల్లు అంతకుముందే తన ఇల్లు పెళ్లాం పేరిట రిజిస్ట్రీ చేయించాడు. "ఇగ ఇంటికి మహారాణివి నువ్వే" అని నవ్వి, మహారాణిని చాయ్ పెట్టమన్నాడు.

ఒక పొద్దున లతీఫున్నీసా గోడ వెనక నుంచి పిలిచింది. "చెల్లె, మా గోడకు సున్నంతోని గీతలు కొట్టిండ్రు. గిదంత పోతదట. బాయి గల్లీల పడ్డట్టే గద. తానం ఎట్ల చేతు, నీళ్లు ఎట్ల చేదుకుందు? జర మీ ఆయనకు చెప్పరాదు."

చెప్పింది. రాయమల్లు అన్నం కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "ఆమె బావనే ఒప్పుకున్నడు. నడుమ నీకేం ఫికర్?"

"బాయి కాడ తానం చేసేది బావనా? ఆమెను ఒక్క మాట అడుగరా?"

"ఏంటికి అడుగుతరు? ఇల్లు ఆమె పేరిట ఉన్నదా? ఎవల పేరిట ఉంటె వాళ్లనే అడుగుతరు. జర పప్పెయ్యి."

పప్పు వేసింది. గిన్నె కింద పెట్టి, ఆ మాటను మనసులో ఇంకోసారి అనుకుంది. ఎవల పేరిట ఉంటె వాళ్లనే అడుగుతరు.

మర్నాడు ఓవర్సీరు హనుమండ్లు టేపు, కాగితాలు పట్టుకుని వచ్చాడు. గల్లీ పనికి రెండు వైపుల యజమానుల మాటా కావాలట.

"ఈడ సంతకం పెట్టి రెండు చాయ్ తే" అన్నాడు రాయమల్లు.

అనసూర్య చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. కలం తీసుకోలేదు. "ఇందుల ఏం రాసిండ్రు సారూ?"

"మీ దిక్కు జాగ ఇయ్యరని, అటు దిక్కు తీసుకుంటె మీకు అభ్యంతరం లేదని రాసినమమ్మా."

"ఇష్టపడి ఇచ్చినోళ్ల దిక్కే తీసుకోవాలని గద తీర్మానం? చాయ్ పొయ్యంగ విన్న. అటు దిక్కు పైసలియ్యాలె. నేను ఊకెనే ఇస్త. గీ కచేరి అర్ర తీసుకోండ్రి."

రాయమల్లు లేచి నిలబడ్డాడు. "పిచ్చి లేసిందా? సారూ, ఆమె మాట ఇనకుండ్రి. ఇల్లు నా..."

మాట అక్కడే ఆగిపోయింది. ఇల్లు నాది అంటే, తన ఇంటి సంగతిలో తానే ఓటు వేసినట్టు. ఆ సంగతి హనుమండ్లుకూ తెలుసు. అతను గొంతు సవరించుకుని గోడ వైపు చూస్తూ అడిగాడు. "ఇల్లు ఎవల పేరిట ఉన్నది మెంబర్ సాబ్?"



"నా పేరిటనే ఉన్నది" అంది అనసూర్య. "మల్ల రాయండ్రి. సంతకం నేను పెడ్త. ఎట్ల పెట్టాల్నో ఎవలూ చూపెట్టే పని లేదు, నాలుగో తరగతి దాక చదివిన."

రాశాడు. పెట్టింది. మొదటిసారి ఆ చెయ్యి ఎవరి చేతికీ తాకకుండా కదిలింది. పుణ్యమో పాపమో, సగం కాదు, మొత్తం తనదే.

"మరి మీటింగులు యాడ పెట్టుకోవాలె?" అన్నాడు రాయమల్లు.

"ఆఫీసు ఉన్నది గద" అని ఆమె వంటింట్లోకి పోయింది. చాయ్ పెట్టలేదు.

అర్ర గోడ కూలిన రోజు గల్లీ అంతా దుమ్ము. దుమ్ము అణిగాక, అవతలి గోడ వెనక బాయిలో చేద మునిగిన చప్పుడు వినపడింది. తర్వాత లతీఫున్నీసా గొంతు.

"చెల్లె, ఉన్నవా?"

"ఉన్న ఆపా."

"నా పర్దా నాకు ముట్టింది."