జెన్యూయిన్‌కు సొంత వాక్యం

జనగామలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే జగపతిరావు మాస్టారిది కృష్ణా జిల్లా. రోజుకో మాట నేర్పడం, దానితో పిల్లల చేత కళ్లారా చూసిన సంగతి మీద సొంత వాక్యం రాయించడం ఆయన పద్ధతి. 1969 జనవరిలో ఒక సోమవారం ఆయన బోర్డు మీద రాసిన మాట 'జెన్యూయిన్'.

"అంటే అస్లీదా సార్?" అన్నాడు ఓదెలు.

"అస్లీ ఏమిట్రా, అసలైనది అనాలి! ముందు తెలుగు నేర్చుకుని రా, తర్వాత ఇంగ్లీషు చూద్దాం."

ముందు బెంచీ పగలబడి నవ్వింది. మాస్టారూ నవ్వాడు.

ఆ నవ్వు బెల్లు కొట్టేదాకానే. ఆఫీసు గదిలో తాఖీదు కాచుకుని ఉంది. ముల్కీ సర్టిఫికెట్లు తనిఖీ చేస్తున్నారట, రేపు పొద్దున అందులోని చిరునామాకే వస్తారట. పదిహేనేళ్లుగా తెలంగాణలో కాపురం ఉన్నట్టు ఆ కాగితం ఉంటేనే ఇక్కడ సర్కారు కొలువు. ఆయన వచ్చి రెండేళ్లు. కాగితం ఒక బ్రోకరు తెచ్చిపెట్టాడు. అందులో రాసిన ఇంటిని ఆయన ఎన్నడూ చూడలేదు.

నంబరు వెతుక్కుంటూ పోయాడు. రెండు గదుల పెంకుటిల్లు. తలుపు తీసింది ఓదెలు! వాడి తల్లి యాకమ్మ సంగతంతా విని బుగ్గలు నొక్కుకుంది.

"పదిహేనేండ్లు మా ఇంట్ల ఉన్నవా సారూ? నా కండ్లకు ఒక్కనాడు గూడ అవుపడలేదే!"

"అమ్మా, నా ఉద్యోగం పోతుంది."

"నేను నోరు తెరువ తియ్యి, నువ్వే చెప్పుకో. గని గన్నేండ్లు ఉన్నోడు మా లెక్క మాట్లాడకుంటె ఎవడు నమ్ముతడు? ఓదెలూ, సారుకు జర నేర్పు బిడ్డా."

పొద్దుగూకేదాకా పాఠం నడిచింది.

"'కాస్త మంచినీళ్లు ఇస్తారా' కాదు సార్. 'అవ్వా, జర నీళ్లియ్యే' అనుండ్రి. మల్ల అనుండ్రి. ముక్కుతోటి కాదు సార్!"

తెల్లారి తనిఖీకి గుమాస్తా భిక్షపతి వచ్చాడు. జగపతిరావు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు.

"అవ్వా, జర నీళ్లియ్యే! సారు పరేషాన్ అయితున్నడు!"

యాకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భిక్షపతి తలూపుతూ, రాసుకుంటూ, మామూలుగా అడిగాడు.

"యాడ పండుతరు సారూ?"

పడుకునేది ఎక్కడని. అది పాఠంలో లేదు.

"ఇక్కడేనండీ."

ఆ 'అండీ' దగ్గర భిక్షపతి పెన్నుకు మూత పెట్టాడు.

మధ్యాహ్నం బడిలో మాస్టారు చివరిసారిగా పిల్లల నోటుబుక్కులు దిద్దాడు. ఓదెలు వాక్యం వచ్చింది: 'అవర్ సార్స్ ముల్కీ సర్టిఫికెట్ ఈజ్ నాట్ జెన్యూయిన్.'

కళ్లారా చూసిన సంగతే. ఒక్క తప్పూ లేదు. జగపతిరావు ఎర్రసిరాతో టిక్కు కొట్టి, కింద సంతకం చేశాడు. జనగామలో ఆయన పేరున్న కాగితాల్లో అస్లీది అదొక్కటే.