పొగ తాగే మొక్కలు

సామ్యేలు మూడో వరసలోకి వచ్చాడు. కానుగ ఆకును ఎడమ అరచేతిలో పరిచి, పాత పంచె ముక్కతో తొడిమ నుంచి కొసదాకా మెల్లగా తుడిచాడు. తెల్లటి పొడి లేచి ముక్కులో దూరింది. వంగిపోయి దగ్గాడు. దగ్గు తెరిపియ్యగానే ఇంకో ఆకు పట్టుకున్నాడు.

గురజాల రోడ్డు పక్కనున్న సున్నపు బట్టీల పొగకు పైర్లు పాడవుతున్నాయని రైతులు అర్జీలు పెట్టారు. బట్టీలు మూయిస్తామని అధికారులు బెదిరించారు. యజమాని గట్టివాడు. "మా పొగను మా మొక్కలే తాగేస్తాయి సార్, ఒక్క ఏడాది చూడండి" అని బతిమాలి, ప్రహరీ పొడవునా కానుగలు నాటించాడు. పొగ వదిలేది తాను, తాగాల్సింది మొక్కలు! ఇంతకన్నా చవక బేరం ఎక్కడుంటుంది?

సామ్యేలు వయసులో ఉన్నన్నాళ్ళూ ఆ బట్టీలకే రాయీ బొగ్గూ మోసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. గంప ఎత్తలేనివాణ్ణి ఎవరు పిలుస్తారు? చివరికి ఈ మొక్కల పని దొరికింది. అతనికి వాటి మీద ప్రేమేమీ లేదు, ఉన్నదంతా భయమే. అవి ఎండితే తన పొయ్యిలో పిల్లి లేవదు.

పొద్దున భార్య రోశమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"రేత్రంతా దగ్గుతా కూకునే ఉండావు. ఇయ్యాల మానుకోరాదా?"

"ఇయ్యాలే గదే ఆఫీసర్లొచ్చేది! మొక్కలు తెల్లగా అగుపిస్తే నన్ను తీసేస్తారు. ఇంకేడకి పోను?" అని ఆమెను పక్కకు జరిపి వచ్చేశాడు.

ఎండ ముదిరింది. సూపర్‌వైజర్ త్రికోటేశ్వరరావు గొడుగేసుకుని వచ్చాడు.

"ఏందిరా, ఇంకా సగం అట్టాగే ఉండాయి? నీళ్ళు మాత్రం కొట్టమాక. సున్నం ఉడికి ఆకు మాడిద్ది. గుడ్డతోనే తుడువు."

"ఇంకో మనిషినియ్యండయ్యా. చానా ఆయాసంగా ఉంది."

"మనుషులుంటే నీతో పనేందిరా?"

సామ్యేలుకు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే అందే కాస్త గాలీ అందడం లేదు. విప్పేశాడు. నోరు తెరుచుకుని, మొక్క మొక్కకూ ఆగుతూ, చివరి వరస దాకా తుడిచాడు.

మధ్యాహ్నం జీపు వచ్చింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. అధికారి ఓ ఆకు తుంచి, వాసన చూసి పారేశాడు. "బాగా పెంచారండీ" అన్నాడు. బట్టీలకు మరో ఏడాది ఆయువు దక్కింది. యజమాని ఆనందంతో అందరికీ సోడాలు తెప్పించాడు.

త్రికోటేశ్వరరావు ఓ సోడా పట్టుకుని చివరి వరసకు వచ్చాడు. "నీ పని నిలబడిందిరా సామ్యేలూ! లే, తాగు."

గోడకు వీపు ఆనించి కూర్చున్న సామ్యేలు తలెత్తలేదు. భుజం పట్టి కదిపితే పక్కకు ఒరిగిపోయాడు. పెదవుల చుట్టూ సున్నం అట్టగట్టి ఉంది.

సాయంత్రం రోశమ్మ ఏడ్చుకుంటూ వచ్చి, అతన్ని ఎడ్లబండి మీద తీసుకుపోయింది. ఆ హడావుడిలో ఎవరూ చూసుకోలేదు. ప్రహరీ మేకుకు వేలాడుతున్న అతని సద్దిగిన్నె మూత మీద, అన్నం లోపల అలాగే ఉండగా, తెల్లటి పొడి పలచగా పేరుకుంటోంది.