తాళాలాయన శిష్యురాలు

ఆకుపచ్చ ప్లాస్టిక్ చేతిపట్టును బకెట్లోంచి తీసి, దాని గుంటలో బ్రష్షు గుచ్చి తిప్పింది ఆమె. మురికంతా గుంటల్లోనే ఉంటుంది. వేళ్ళకు రాసుకునే సుద్దపొడి, బూట్ల రబ్బరు, చెమట కలిసి బంకలా పేరుకుపోతాయి. పైపైన తోమితే పట్టు మెరుస్తుంది గానీ మర్నాడు ఎవరి వేలో జారుతుంది. గోడలెక్కడం నేర్పే ఆ హాల్లో అలాంటి ప్లాస్టిక్ పట్లు పద్నాలుగు వందలున్నాయి. వారానికి రెండు వందల చొప్పున గోడ నుంచి విప్పి, నానబెట్టి, తోమి, ఆరబెట్టడం ఆమె పని. మళ్ళీ ఏది ఎక్కడ బిగించాలో కోచ్ చూసుకుంటాడు.

ఆమెకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఇక్కడికి రాకముందు తొమ్మిదేళ్ళు సీసాలు కడిగింది, ఆరేళ్ళు ఓ హోటల్లో దుప్పట్లు ఉతికింది. ఊరందరూ పట్టుకుని వదిలేసినవన్నీ మా ఆడపడుచు చేతికే వస్తాయని వదిన నలుగురిలో నవ్వుతూ అంటుంది. అన్న ఇంట్లో ఉంటున్నప్పుడు ఆ నవ్వుకు జవాబు చెప్పడం కుదరదు. జవాబులన్నీ కడుపులో దాచుకుని ఆమె బ్రష్షు మీద చూపించేది. నెలకు రెండు బ్రష్షులు అరిగిపోయేవి.

మంగళవారం మధ్యాహ్నం నుంచి హాలుకు సెలవు. పన్నెండున్నరకి ఆమె చేతులు తుడుచుకుంటూ ఉండగా మేనేజరు వచ్చి ఇంకో తొట్టెడు పట్లు చూపించాడు. అవి కూడా ముగించి వెళ్ళమన్నాడు.

"మంగళవారాలు నాకు పనుంటుందండీ."

"మీకేం పని?"

అందులో వెటకారమేమీ లేదు. నిజంగా తెలియకే అడిగాడు. వెటకారమైతే ఇంత మండేది కాదేమో. ఆమె బ్రష్షు తీసుకుని తొట్టి ముందు మళ్ళీ కూర్చుంది.

రెండేళ్ళ కిందట ఇదే తొట్టి దగ్గర కూర్చుని ఆమె హాలు సభ్యులిద్దరి మాటలు విన్నది. అసలు రాతి మీద ఎవరూ పట్లు బిగించి పెట్టరట. ముందు ఎక్కే మనిషి రాతి పగుళ్ళలో తనే లోహపు ముక్కలు దూర్చి, వాటికి తాడు తగిలించుకుంటూ పోవాలట. పైకి చేరాక వెనకవాళ్ళకి తాడు పట్టి కాచుకోవాలట. వెనకవాళ్ళు ఆ ముక్కలన్నీ తీసుకుంటూ ఎక్కాలట. ఆ రాత్రి నుంచి ఆమెకు అన్నం తింటున్నా, బస్సులో నిలబడ్డా అదే ధ్యాస. చివరికి కోచ్‌ని అడిగింది. అది పుస్తకం చదివితే వచ్చేది కాదనీ, ఒకరు పక్కనుండి చేత్తో చూపించాలనీ అతను ఓపిగ్గానే చెప్పాడు. తర్వాత, "ఈ వయసులో మీకెవరు చూపిస్తారు అక్కా?" అన్నాడు.

సభ్యులు జతగాళ్ళ కోసం చీటీలు అంటించే బోర్డు మీద ఆమె కూడా ఓ చీటీ అంటించింది. రాయి ఎక్కడం నేర్పేవారు కావలెను. మంగళవారాలు ఖాళీ. బరువులు మోయగలను. ఐదు వారాలు ఎవరూ పలకలేదు. ఆరో వారం దాని కింద ఎవరో, ముందు గోడ సరిగ్గా తుడువు, అని రాశారు. ఆమె చింపేద్దామని వెళ్ళేసరికి అక్కడ చీటీ లేదు. సభ్యుల అల్మారాలకు తాళాలు బాగుచేసే ముసలాయన దాన్ని మడిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీదేనా? దస్తూరి బాగుంది. గురువు కోసం ప్రకటన వేసినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా."

"వెతకడానికి నాకు ఇంకో దారి తెలియదండీ."

"వయసులో రాళ్ళెక్కినవాణ్ణే. నేర్పుతాను. నన్ను తిట్టుకుంటావు మరి."

అది నిజమే అయింది. ఏడు నెలలుగా తిట్టుకుంటూనే ఉంది. ఊరి చివర దిగి మైలు దూరం నడిస్తే ఆ రాయి వస్తుంది. రెండంతస్తుల మేడంత ఎత్తు, నిట్టనిలువుగా ఒకే పగులు. తాళాలాయన ఆమె పాదాన్ని నేల వదలనిచ్చేవాడు కాదు. ఛాతీ ఎత్తులో పగుల్లో ముక్క దూర్చమనేవాడు. దానికి పట్టీ తగిలించి, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళు ముడుచుకుని దానికి వేలాడేవాడు. ముక్క ఊడితే కింద కూలబడి, దుమ్ము దులుపుకుని, "ఇవాళ్టికి చాలు" అని వెళ్ళిపోయేవాడు. రెండు బస్సులు మారి వచ్చిన ఆమె, పావుగంటకే మళ్ళీ రెండు బస్సులు ఎక్కాలి. ముక్క ఊడకపోతే ఇంకోటి పెట్టమనేవాడు. బాగుందన్న మాట మాత్రం ఆయన నోట ఒక్కనాడూ రాలేదు. ఆ ఒక్క మాట వినాలి. కోచ్ చెవిన పడేలా, వదిన చెవిన పడేలా కూడా కాదు, తనకు వినబడితే చాలు. ఏడు నెలల్లో ఆమెకు అంతకన్నా పెద్ద కోరిక లేదు.

ఆ మంగళవారం తొట్టి ముగించుకుని గంట ఆలస్యంగా చేరింది. ఆయన బస్టాపు గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"మేనేజరు వదల్లేదు మాస్టారూ."

"అతన్ని తిట్టుకుంటూ ఎక్కకు, చేతులు వణుకుతాయి. నన్ను తిట్టుకో. అది నీకు అలవాటేగా."

ఎప్పుడూ ముట్టుకోనివ్వని తాడు సంచీ ఆమె భుజానికి తగిలించాడు. దారిలో రెండుసార్లు ఆగి కూర్చున్నాడు. ఆలస్యానికి ఇలా కసి తీర్చుకుంటున్నాడనుకుని ఆమె పళ్ళు బిగించి నిలబడింది. రాయి దగ్గరికి వచ్చాక ఆయన తన నడుముకున్న ముక్కల గుత్తి విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవాళ నువ్వు ముందు."

ఆమె ఎక్కింది. పగుల్లో పిడికిలి దూర్చి, మడమ తిప్పి ఇరికించి, ఒళ్ళు పైకి లాక్కుంది. మొదటి ముక్క తల ఎత్తులో పెట్టింది. రెండోది దానికి నాలుగు మూరల పైన. మూడోదాని దగ్గర పగులు వంకర తిరిగింది. ఒకటి పెట్టి తీసింది, ఇంకోటి పెట్టి తీసింది. పిక్కలు అదురుతున్నా మూడో ప్రయత్నంలో కూర్చున్నదాన్ని లాగి చూసి, తాడు తగిలించి, పైకి చేరింది. పైన బండల సందుల్లో ఇంకో మూడు ముక్కలు దూర్చి, వాటన్నిటికీ తనను కట్టుకుని, రమ్మని కేక వేసింది.

తాడు మెల్లగా వదులవుతూ వచ్చింది. ఆమె లాక్కుంటూ పోయింది. అంచు అడ్డం వల్ల ఆయన కనిపించలేదు. మొదటి ముక్క తీసిన చప్పుడు, కాసేపటికి రెండోది. తర్వాత చాలాసేపు తాడు కదల్లేదు.

"దింపు," అన్న మాట వినబడింది.

మూడో ముక్కే అనుకుంది. నచ్చలేదన్నమాట. ఎక్కడ తప్పో పైకి వచ్చి చెప్పొచ్చుగా. ఏడు నెలలు నేల మీద నిలబెట్టినవాడు, పైకి పంపిన మొదటి రోజే ఇవాళ్టికి చాలంటున్నాడు. ఆమె ఏమీ అడగకుండా దింపింది. బరువు నేలకు ఆనాక, తన వైపు తాడు విప్పి కిందికి విసిరేసింది. విసిరేముందు తాడు అని అరవమని ఆయన నేర్పాడు. అరవలేదు.

పైనున్న ముక్కలు తీరిగ్గా తీసింది. వెనకవైపు కాలిబాటన కావాలనే నిదానంగా దిగింది. దిగుతున్నంతసేపూ మాటలు కూర్చుకుంది. మీరు నాకు నేర్పడం లేదు, నా ఓపిక పరీక్షిస్తున్నారు. బాగుందంటే మీ సొమ్మేం పోతుంది. మా వదినైనా నవ్వి వదిలేస్తుంది, మీకు ఆ నవ్వు కూడా లేదు. వచ్చే మంగళవారం నేను రాను. చివరి మాట మూడుసార్లు మార్చింది, గట్టిగా తగలాలని.

ఆయన రాతికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"నేను చేసిన తప్పేంటో ఇప్పుడు చెప్పండి," అంది, పది అడుగుల దూరం నుంచే.

తాడు ఆయన భుజం మీదుగా, ఒళ్ళో చుట్టలు చుట్టలుగా, పడినది పడినట్టే ఉంది. ఒక చుట్ట మొహానికి అడ్డంగా ఉంది. ఆయన దాన్ని తొలగించుకోలేదు.

ఆమె తొలగించింది. బుగ్గ ఇంకా వెచ్చగానే ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, గొంతు కింద నాడి చూసింది. రెండూ లేవు. పేరు పెట్టి పిలుద్దామంటే ఆయన పేరేమిటో తెలియదు. మాస్టారూ అని ఒకసారి మామూలుగా, ఒకసారి పెద్దగా పిలిచింది. ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా పక్కన కూర్చుంది. ఏడుపు రాలేదు. కూర్చుకున్న మాటలన్నీ గొంతులో అలాగే ఉన్నాయి, ఒక్కటీ ఖర్చు కాకుండా. వాటిలో ఒక్కదాన్ని పైనుంచే అరిచి ఉంటే బాగుండేదనీ, అప్పుడు ఆయన జవాబు చెప్పేవాడనీ అనిపించి తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

అంబులెన్సు మనిషి కాగితం మీద రాసుకుంటూ అడిగాడు. "మీరు ఆయనకి ఏమవుతారమ్మా?"

"ఆయన దగ్గర నేర్చుకుంటున్నాను."

బంధువులు కారు, అని రాసుకున్నాడు అతను.

బండి వెళ్ళిపోయాక ఆమె తాడు చుట్టింది. సంచీ భుజానికి తగిలించుకుని ఒక్కసారి తల ఎత్తింది. పైన, అంచుకు రెండు మూరల కింద, వంకర తిరిగిన పగుల్లో మూడో ముక్క అలాగే ఉంది. గాలికి దాని పట్టీ కొద్దిగా ఊగుతోంది. కింద నుంచి చూస్తే అది గట్టిగా కూర్చుందో లేదో తెలియడం లేదు.