నిండుకున్న ఇల్లు

అడుగంటిన సంగటిని గరిటెతో గీరేటప్పుడు వచ్చే చప్పుడులో ఒక గాంభీర్యం ఉంటుంది. ఆ రోజు నేను వంటింట్లో గీరుతున్న గీరుడు, వాకిట్లో షామియానా కింద జరుగుతున్న మా అత్తగారి సంస్మరణ సభకు నేపథ్య సంగీతమయింది. మైకు నా భర్త నాగేశ్వర చేతిలో ఉంది.

“మా యమ్మ మాకు దుడ్లు ఇయ్యలేదు. మేడలు ఇయ్యలేదు. గుణం ఇచ్చిపోయింది!”

చప్పట్లు మోగాయి. పెద్దకర్మ నాడు చప్పట్లు కొట్టవచ్చునా అనే ధర్మసందేహం కంబదూరులో ఎవరికీ కలిగినట్టు లేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన అబద్ధమాడలేదు. వానదేవుడు వేరే జిల్లాకు బదిలీ చేయించుకున్నప్పటి నుంచి బీడుపడిన మెట్టపొలం, నీళ్ళు మానుకొని గాలి మాత్రం ఊదే బోరుబావి, ఎప్పుడో కొడుకు పేరిట ఎక్కాయి. మిగిలింది గుణం. గుణానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, సర్వేయరు గొలుసు పట్టుకొని రానక్కర్లేదు, వాటా కోసం కోర్టుకెక్కే మహానుభావులూ ఉండరు. అందుచేత ధర్మశాస్త్రం దాన్ని ఆడవాళ్ళకు కేటాయించింది.

“నిండు మనిషప్పా యశోదక్క!” ఇప్పుడు మైకు అందుకున్నది ఊరి పెద్ద బసప్ప. “ఎన్ని కరువులొచ్చినా ఆయమ్మ ఇంట్లో ‘లేదు’ అనే మాట నేను ఇనలేదు.”

ఎలా వింటాడు పాపం! ఆ మాట ఆ ఇంట్లో నిషిద్ధం. కొత్త కోడలిగా నేను నలుగురి ముందూ “బియ్యం అయిపోయినాయి అత్తా” అన్నప్పుడు ఆమె నా రెక్క పట్టుకొని లోపలికి లాక్కుపోయింది. “అయిపోయినాయి అనగూడదు వనజా. నిండుకున్యాయి అనాల.” తెలుగు ఎం.ఏ. చదివినదాన్ని కాబట్టి నేను మురిసిపోయాను. దీన్నే సభ్యోక్తి అంటారు. ఖాళీ కుండను నిండిందని పిలిచే భాష ఎంతటి చక్రవర్తుల భాష అయి ఉండాలి! ఆ సభ్యోక్తి గింజల దగ్గర ఆగదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అందరూ తిని లేచాక, “నువ్వు తిన్యావా అత్తా?” అంటే, “కడుపు నిండుగా ఉండాది పోమ్మా” అనేది. ఆఖరికి కళ్యాణదుర్గంలో డాక్టరు ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తమే లేదన్నాడు. ఆయనకు మా ఇంటి భాష రాదు. రక్తం నిండుకుందని చెప్పి ఉండాల్సింది.

ఆ భాష నాకు మాత్రం పట్టుబడింది. మామగారు ఎర్రన్నకు పక్షవాతం వచ్చేనాటికి నేను రాప్తాడులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. అత్త ఒక్కతే ఆయనను ఎత్తలేదని తేలింది. “బడి మానేస్తే నీకేం బాధ లేదు కదా?” అని మా ఆయన ఎంతో మర్యాదగా అడిగాడు. “నాకంత ఆశ ల్యాదులే” అన్నాను. ఆయన వెంటనే నమ్మాడు. భార్యల మాటను భర్తలు ప్రమాణంగా స్వీకరించే అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

సభ ముగిసింది. మగవాళ్ళు వసారాలో పంక్తిగా కూర్చున్నారు. నా కూతురు రేఖ మజ్జిగ పోస్తోంది. దానికి పుట్టపర్తిలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. మా ఆయన ముద్ద కలుపుతూ సమస్యను సభ ముందు పెట్టాడు.

“అమ్మ పాయ. నాయనను ఇంక ఎత్తేదెవరు? వనజ ఒక్కతే యాడ చేస్తాది?”

“రేఖ ఉండాది కదప్పా!” బసప్ప తీర్పు చెప్పి, దాని వైపు తిరిగాడు. “ఏమ్మా, తాతను ఇడిచి పోతావా?”

రేఖ చెంబు పక్కన పెట్టింది. ఎవరి మొహమూ చూడకుండా నవ్వింది.

“నాకంత ఆశ ల్యాదులే బసప్ప తాతా. ఈడనే ఉంటా.”

“సూసినారా! అవ్వ గుణం అచ్చు గుద్దినట్టు వచ్చింది!” అన్నాడు బసప్ప.

మా ఆయన కళ్ళు చెమర్చాయి. నేను వంటింటి గడపలోంచి అంతా చూస్తున్నాను. ఆ మాటలు నావి. ఆ గొంతు, ఆ నవ్వు, ‘లే’ దగ్గర ఆ చిన్న విరుపు కూడా నావే. నేను దానికి ఎక్కాలు నేర్పాను, సంధులు నేర్పాను, ఎవరికీ భయపడవద్దని ఉపన్యాసాలిచ్చాను. అవన్నీ వదిలిపెట్టి, నేను నేర్పనిదాన్ని ఏరి పుచ్చుకుంది.

రేఖ వంటింట్లోకి రాగానే తలుపు దగ్గరగా వేశాను.

“నిన్ననే కదే సంచి సర్దుకున్యావు?”

“నీ నడుము తాత బరువు యాడ మోస్తాదమ్మా?”

“నా నడుము సంగతి ఇడిచిపెట్టు. నీకు పోవాలని ఉండాదా, ల్యాదా?”

“ఉంటే మాత్రం?” అంది. తరవాత వసారా వైపు చూసి, “మెల్లగా మాట్లాడమ్మా, ఇంటారు” అంది.

వసారాలోంచి బసప్ప కేక: “వనజమ్మా, ఇంకొక ముద్ద సంగటి పట్టుకురామ్మా! యశోదక్క చెయ్యే నీకూ వచ్చింది.”

నేను ఖాళీ గిన్నెతోనే బయటికి వచ్చాను.

“అయిపోయింది మామా.”

పంక్తి మొత్తం తలెత్తింది. మా ఆయన గొంతు తగ్గించి, “నిండుకునింది అనాల” అన్నాడు.

“నిండుకోలేదు. అయిపోయింది. సంగటి అయిపోయింది, నా ఓపికా అయిపోయింది. రేఖ సోమవారం పోతాది. మీ నాయనను మీరు ఎత్తుకోండి. నాకు చేతగాదు.”

“ఏమప్పా నాగేశ్వరా,” అన్నాడు బసప్ప, ఆకు మీంచి చెయ్యి తీయకుండానే, “యశోదక్క ఆత్మ ఇంకా గడప దాటలేదు, ఈ ఇంట్లో ఇట్లాంటి మాటలా?”

ఆయనకు నేను జవాబు చెప్పే లోపల రేఖ నా ముందుకు వచ్చి నిలబడింది. చేతులు జోడించింది.

“మీరేమనుకోవద్దు తాతా. అమ్మకు నాలుగు దినాల నుంచి నిద్రల్యాదు. నేను యాడికీ పోను.”

పొలం రాసిచ్చిన దస్తావేజునైతే కోర్టులో రద్దు చేయించవచ్చునట. ఈ గుణం దస్తావేజును రద్దు చేసే న్యాయస్థానం ఈ జిల్లాలోనే కాదు, ఎక్కడా లేదు. నా దగ్గర పొలం లేదు. గుణం నా సంతకం లేకుండానే చేతులు మారింది. రేఖకు నేను విడిచిపోగలిగింది ఇక ఒకటే మిగిలింది: చెడ్డపేరు. ఎప్పటికైనా, ఏ ఇంట్లోనైనా అది ‘చెయ్యను’ అని అంటే, “తల్లి బుద్ధే వచ్చింది” అని లోకం తేలిగ్గా తేల్చేయాలి. ఆ పేరు నా జీవితకాలంలో సంపాదించగలనా అన్నది సందేహమే. మా ఇంటి ఆడవాళ్ళకు అంత ఆయుష్షు ఉండదు.

లోపలి గదిలోంచి మామగారు మూలిగారు. పక్క తడిసినప్పుడు వచ్చే మూలుగు అది. పంక్తిలో ఒక్కరూ కదల్లేదు. అందరూ నా వైపు చూశారు. నేను మగవాళ్ళ మధ్య ఉన్న ఖాళీ ఆకు ముందు కూర్చున్నాను. మోకాళ్ళు వాటంతట అవే లేవబోయాయి.

మళ్ళీ మూలుగు వినిపించింది. రేఖ అటు కదిలింది. దాని మణికట్టు పట్టుకొని నా పక్కన కూర్చోబెట్టాను.

“వదులమ్మా! తాత పిలుస్తాన్నాడు, వదులు!”

నా బలమంతా పెట్టి పట్టుకున్నాను. అది నాకంటే బలంగా గుంజుకుంటోంది.