మొగులయ్య పీక తడిపిన బేరం

మేడ్చల్‌లో మొగులయ్య సన్నాయికి వంక పెట్టినవాడు లేడు. వంకంతా ఆయన నోటిదే. ఆ నోట్లోంచి రాగం ఎంత నిబ్బరంగా వచ్చేదో, ధర అంత వణుకుతూ వచ్చేది.

ఆ ఏడు మాఘమాసంలో దుండిగల్ నుంచి ఒక రైతు, కొడుకు పెళ్ళికి మేళం మాట్లాడుకోవడానికి వచ్చాడు. మొగులయ్య పదిహేను రూపాయలన్నాడు. రైతు ఏమీ అనలేదు. తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని ఒక్క నిట్టూర్పు విడిచాడు, అంతే.

“పన్నెండియ్యుండ్రి” అన్నాడు మొగులయ్య.

రైతు ఆకాశం వైపు చూశాడు.

“అవు మల్ల, వానలు సుత లేకపాయె. పది జాలు.”

రైతు చుట్ట తీసి వెలిగించుకోవడం మొదలుపెట్టాడు. చుట్ట అంటుకునేసరికి ధర ఆరు రూపాయలకు దిగింది. మూడు రోజుల పెళ్ళికి ఊది ఊది దవడలు పీకితే, చివరికి చేతికి వచ్చింది ఆ ఆరు రూపాయలు, ఒక కొబ్బరికాయ. కొబ్బరికాయ కూడా కుళ్ళిపోయి ఉంది.

డోలు కొట్టే ఖాలిక్‌కు ఆ రోజు ఒళ్ళు మండింది. ఇద్దరూ మీసాలు రాకముందు నుంచి కలిసి వాయిస్తున్నారు. ఒకరి మీద ఒకరు గొంతు ఎత్తింది లేదు. ఆ రోజు ఖాలిక్ ఎత్తాడు.

“మొగులన్నా, లోకంల ఏడనన్న వేలంపాట మీదికి వోతది. నీ పాట ఒక్కటే కిందికి వోతది. సీమదేశాల లడాయి మొదలైనంక జొన్నలు పిరమాయె, గుడ్డ దొరకదాయె, డోలుకు తోలు గావాల్నంటే పానం వోతాంది. సికిందరాబాద్ బ్యాండు పార్టోళ్ళు నన్ను రమ్మంటున్నరు. ఎర్ర కోటు ఇస్తరట, ఇత్తడి గుండీలు. ఈ ఎండకాలం సుత గిట్లనే అయితే నేను వోత.”

కింద ఖాలిక్ డోలు దెబ్బ లేకపోతే మొగులయ్య రాగం గోడలు లేని ఇంటికప్పే. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంటికొచ్చి భార్య వజ్రమ్మ ముందు కూలబడ్డాడు.

వజ్రమ్మ మేడ్చల్ రైలు స్టేషన్‌లో పళ్ళమ్మేది. చలికాలం మొదట్లో సీతాఫలాలు, ఎండాకాలం తాటి ముంజలు. మొగుడు చెప్పిందంతా విని, ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది.

“రైలు ఆగేది గింతసేపు. కిటికీల కూసున్న మనిషి బేరమాడతనే ఉంటడు. నేనేం జేస్త? ధర జెప్పి పక్క డబ్బ దిక్కు జూస్త. ఇంజను కూత వెట్టంగనే ఆయన గుండె జారుతది, పైసలు ఇసురుతడు. ధర జెప్పుడు కష్టం గాదు. జెప్పినంక నోరు మూసుకునుడే కష్టం.”

“గదే నాతోని గాదు” అన్నాడు మొగులయ్య.

“ఎందుకు గాదు? నేను పెండ్లోళ్ళ మనిషిని అనుకో. ఎంత దీసుకుంటవ్?”

వజ్రమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని పెద్దింటి ఆడదానిలా గడ్డం ఎత్తింది. మొగులయ్య గొంతు సవరించుకున్నాడు.

“నలభై.”

ఆమె ఏమీ అనలేదు. ఊరికే దగ్గింది.

“సరే, ముప్పై అయిదియ్యి.”

“నీ మొకం మండ! పెండ్లాం దగ్గితెనే అయిదు రూపాయలు ఎగిరిపాయె. ఊరోళ్ళు తుమ్మితే సన్నాయి సుత ఇచ్చొస్తవా?”

అట్లా నాలుగైదుసార్లు ఆడారు. ప్రతిసారీ ఆయనే తగ్గాడు. ఒకసారైతే వజ్రమ్మ దగ్గకముందే తగ్గాడు. చివరికి ఆమె లేచి, గోడకు వేలాడుతున్న సన్నాయి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. దాని కొసన, రెల్లుతో చేసిన చిన్న పీక ఉంటుంది. పెదవుల మధ్య పెట్టుకుని ఊదేది అదే.

“ధర జెప్పంగనే గా పీక నోట్ల వెట్టుకో. ఊదకు. తియ్యకు. నోట్ల పీక ఉన్నంక తగ్గించేటందుకు నీకు నాలికె తిరగదు.”

ఆ ఉపాయం పారింది. వజ్రమ్మ దగ్గింది, ఏడ్చింది, అప్పులవాళ్ళను తిట్టింది, చచ్చిపోయిన అత్తను తలుచుకుంది. మొగులయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, ధర మాత్రం నలభై దగ్గరే నిలబడింది.

చైత్రం వెళ్ళాక శామీర్‌పేట నుంచి పిలుపొచ్చింది. పిలిచింది లక్ష్మీకాంతమ్మ. భర్త పోయినప్పటి నుంచి పొలాలూ పశువులూ ఒంటి చేత్తో నడుపుతున్న మనిషి. ఆవిడతో బేరానికి కూర్చున్న గాజులాయన ఒకడు, ఇంక చాలు తల్లీ అని గాజుల మలారం అక్కడే వదిలేసి పోయాడని చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఆవిడ కూతురు మనోరమ పెళ్ళి. వరుడు దేవరయాంజాల్ అబ్బాయి, పేరు లక్ష్మణ్.

మొగులయ్య, ఖాలిక్ వెళ్ళి అరుగు కింద కూర్చున్నారు. లక్ష్మీకాంతమ్మ ముందుగా పెద్ద లోటాలతో మజ్జిగ ఇప్పించింది. తర్వాత నవ్వింది.

“మీ నాయిన నా పెండ్లికి ఊదిండు మొగులయ్యా. ఎంత మంచి మనిషి! నోరు తెర్సి ఒక్క పైస అడగలే.”

మొగులయ్య గుండె వెన్నలా కరగడం మొదలైంది. పూర్తిగా కరగకముందే కళ్ళు మూసుకుని, “నలభై దొర్సాని” అనేసి, పీక నోట్లో పెట్టుకున్నాడు.

“నలభయ్యా? బంగారం ఊదుతవా ఏంది? పది దీసుకో.”

మొగులయ్య తల అడ్డంగా ఊపాడు.

“పన్నెండు. సల్ల తాగు, ఎండల వడి వచ్చినవ్.”

చల్లటి మజ్జిగ మీద వెన్న తేలుతూ కనిపిస్తోంది. గొంతు ఎండిపోతోంది. కానీ తాగాలంటే పీక తీయాలి, పీక తీస్తే ధర జారుతుంది. మొగులయ్య లోటా వైపు చూడకుండా దూలం వైపు చూశాడు. లక్ష్మీకాంతమ్మ పదిహేనంది. పద్దెనిమిదంది. ఆడపిల్ల తల్లినంది. ఎద్దు కాలు విరిగిందని చెప్పింది. ఎదుటి మనిషి నోరు విప్పకపోతే బేరం ఎట్లా చేయాలో ఆవిడకు ఎవరూ నేర్పలేదు. గోడతో మాట్లాడుతున్నట్టు తానే అడిగి తానే పెంచుకుంటూ ఇరవై అయిదుకు వచ్చి, అక్కడ కాలు పాతింది.

“ఇంతకు మించి గవ్వ ఇయ్య. ఇరవై అయిదుకు ఏం ఊదుతవో గదే ఊదు.”

అప్పుడు ఖాలిక్ అందుకున్నాడు. “నలభై అంటే ఎదురుకోళ్ళ కాడికెళ్ళి అప్పగింతల దాక దొర్సాని. ఇరవై అయిదుకైతే పందిరి కిందనే. పందిరి దాటి బయట అడుగు వెట్టం.”

లక్ష్మీకాంతమ్మ కళ్ళు మెరిశాయి. ఊరి బయట మగపెళ్ళివారికి ఎదురెళ్ళి పిలుచుకొచ్చే ఎదురుకోళ్ళకు మేళం పెట్టాల్సింది ఆడపెళ్ళివారే. అది ఆవిడకు తెలియక కాదు.

“మంచిది, పందిరి కిందనే. వాళ్ళు సుత ఉన్నోళ్ళే గదా. వాళ్ళ బాజా వాళ్ళే తెచ్చుకుంటరు.”

తిరుగు దారిలో ఖాలిక్ హుషారుగా ఈల వేశాడు. మొగులయ్యకు మాత్రం మనసు మనసులో లేదు. “ఎదురుకోళ్ళు సప్పుడు లేకుంట ఎట్ల భాయ్? పీనుగ వోతుంటే సుత డప్పు గొడ్తరు” అన్నాడు. “గది దొర్సాని పరేషాని, నీది గాదు” అన్నాడు ఖాలిక్.

పెళ్ళి రోజు పొద్దున్నే ఇద్దరూ పందిట్లో చాప వేసుకుని కూర్చున్నారు. ముహూర్తానికి ఇంకా సమయముంది. మగపెళ్ళివారు ఊరి పొలిమేరలో దిగారని కబురు వచ్చింది. ఆడవాళ్ళు హారతి పళ్ళాలతో ఎదురెళ్ళారు. చాలాసేపు గడిచింది. ఎవరూ రాలేదు. ఎండ మాత్రం పందిరి ఆకుల్లోంచి దిగి వచ్చింది.

అప్పుడు జలాల్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మేడ్చల్‌లో పెళ్ళిళ్ళకు గుర్రం కిరాయికిచ్చేది అతనే. వాళ్ళిద్దరికీ పాత దోస్తు.

“ఖాలిక్ భాయ్, జల్దీ రా! గుర్రం కదుల్తలేదు.”

“పెయ్యి బాగలేదా, రోగమొచ్చిందా?”

“పెయ్యి మంచిగనే ఉన్నది, అలవాటే బాగలేదు. ఉత్తగుంటే ఏడికైనా వస్తది. మీద పెండ్లికొడుకు కూసున్నడా, డోలు దెబ్బ వినవడాలె. లేకుంటే కాలు లెవ్వదు. మీ డోలు మీదనే పెరిగిన గుర్రమాయె. మగపెండ్లోళ్ళేమో వీళ్ళు బాజా తెస్తరనుకున్నరు, వీళ్ళేమో వాళ్ళు తెస్తరనుకున్నరు!”

గుర్రానికి శనగలు చూపించారట. బెల్లం పెట్టారట. అది బెల్లం తిని అక్కడే నిలబడిందట. వరుడి మేనమామలు వెనక నుంచి నెట్టబోతే తోకతో ఒకాయన మొహం మీద కొట్టిందట. లక్ష్మణ్‌ను దిగి నడవమంటే, ఎక్కిన గుర్రం దిగి నడిచొచ్చే అల్లుడు ఎక్కడైనా ఉంటాడా అని వాళ్ళ పెద్దమ్మ పట్టుబట్టిందట. జలాల్ ఇంకా చెప్తూనే ఉన్నాడు, లక్ష్మీకాంతమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రొప్పుతూ పందిట్లోకి వచ్చింది.

“మొగులయ్యా, లే! ముహూర్తం దాటిపోతాంది.”

ఆ మాట పూర్తికాకముందే మొగులయ్య లేచాడు. డబ్బుల సంగతి ఆయన తలలోనే లేదు. ఎండలో గుర్రం మీద మాడిపోతున్న పిల్లవాడు, లోపల పూలజడ వేసుకుని కూర్చున్న పిల్ల, ఇదే ఉంది. అయితే సన్నాయి పీక పొద్దుటి నుంచి ఎండి ఉంది. ఎండిన పీక పలకదు. నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడిపి మెత్తబడనిస్తేనే గొంతు విప్పుతుంది. అందుకని సన్నాయి తీసి పీక నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు.

లక్ష్మీకాంతమ్మ మొహం పాలిపోయింది. ఆ పీక ఆవిడకు బాగా గుర్తుంది.

“గిప్పుడు సుతనా! సరే, ఇంకో పది ఇస్త.”

మొగులయ్య ఏదో చెప్పబోయాడు. పీక అడ్డొచ్చి “ఊఁ ఊఁ” అని మాత్రమే వినిపించింది.

“పదిహేను! నువ్వు జెప్పిన నలభై నలభై అయింది. ఇగ నడువు!”

మొగులయ్య కంగారుగా తల అడ్డంగా ఊపాడు. అది కాదమ్మా అని ఆయన ఉద్దేశం. ఖాలిక్‌కు సంగతి అర్థమైంది. అర్థమై, డోలు పట్టెడ సరిచేసుకుంటున్నట్టు తల పూర్తిగా కిందికి వంచేశాడు. అతని భుజాలు మాత్రం వణుకుతున్నాయి.

“యాభై!” అంది లక్ష్మీకాంతమ్మ, ఏడుపు గొంతుతో. “యాభై, మొదటి బంతిల చుట్టాల పక్కన బువ్వ. నీ కాల్మొక్త మొగులయ్యా, ఇంత మొండోనివని నాకు తెల్వదు!”

సరిగ్గా అప్పటికి పీక నానింది. మొగులయ్య సరిచూసుకోవడానికి ఒక్కసారి ఊదాడు. పీఁ మని పలికింది.

“ఒప్పుకున్నడు!” అని అరిచి ఆవిడ ముందు పరుగుతీసింది.

పొలిమేరలో డోలు మీద ఖాలిక్ మొదటి దెబ్బ పడగానే గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. సన్నాయి అందుకోగానే పెద్దమనిషిలా మెడ వంచి అడుగు వేసింది. జనం హోయని అరిచారు. మధ్యలో ఒకచోట మొగులయ్య ఊపిరి తీసుకుందామని ఆగాడు. గుర్రం కూడా ఆగింది. లక్ష్మీకాంతమ్మ చేతులు జోడించింది. ఇంక ఆగకుండా మోహన రాగంలో పందిరి దాకా ఒకే ధారగా ఊదాడు. అంత బాగా ఆయన అంతకుముందు ఎన్నడూ ఊదలేదు. భయం కొంత, సంతోషం కొంత, మొదటి బంతి అన్న మాట కొంత. ఎన్ని పెళ్ళిళ్ళకు ఊదినా, అందరూ తిన్నాక పశువుల కొట్టం దగ్గరే విస్తరి వేసేవారు ఆయనకు.

అన్న ప్రకారం లక్ష్మీకాంతమ్మ చుట్టాల పక్కనే ఇద్దరికీ విస్తర్లు వేయించింది. ఒక ముసలాయన మొహం చిట్లించుకుంటే, “గాయన గుర్రాన్నే నడిపిచ్చిండు, నువ్వు జర సర్దుకో మామా” అంది. చివరి రోజు యాభై రూపాయలు తాంబూలంలో పెట్టి ఇచ్చింది. మొగులయ్య చెయ్యి పది రూపాయలు తిరిగి ఇవ్వడానికి కదిలింది గానీ, ఖాలిక్ ఆ చేతిని గట్టిగా పట్టుకుని బండెక్కించాడు.

బండి ఊరు దాటాక మొగులయ్య అన్నాడు. “ఒట్టిగనే ఊదుదామని లేసిన భాయ్.”

“నాకెర్కనే” అన్నాడు ఖాలిక్. అంతదాకా మూడు రోజులుగా బిగబట్టిన నవ్వు అప్పుడు వదిలాడు. నవ్వీ నవ్వీ బండి వెనక గడ్డిలోకి వెల్లకిలా పడ్డాడు. “ఎవ్వలికీ జెప్పకు. ఈ మాట జెప్తివా, నేను గా ఎర్ర కోటు తొడుక్కునుడే.”

ఎవరికీ చెప్పలేదు. ఈలోగా మొగులయ్య పేరు ఊళ్ళ మీద వేరేగా పాకింది. శామీర్‌పేట దొర్సానినే ఏడిపించిన మొండి మనిషట, మాటంటే మాటేనట, పైసా దించడట. వచ్చేవాళ్ళు వాకిట్లోనే చెప్పులు విడిచి, భయం భయంగా అడిగేవాళ్ళు. ఎర్ర కోటు సంగతి ఖాలిక్ మళ్ళీ ఎత్తలేదు.

జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం కుమ్మరి రామయ్య వచ్చాడు. బిడ్డ పెళ్ళి. లోపలికి రావడానికి కూడా వెనకాడి గడప దగ్గరే నిలబడ్డాడు. “నలభై, యాభై నాతోని గాదు మొగులన్నా. అడుగుదామా వద్దా అనుకుంటనే వచ్చిన.”

సన్నాయి ఖాలిక్ ఇంట్లో ఉంది. వజ్రమ్మ స్టేషన్‌లో ఉంది. మొగులయ్య ఒక్కడే ఆలోచించుకున్నాడు. ఇతని ఇల్లు తెలుసు, బట్టీ తెలుసు, ఏడాదికి ఎన్ని కుండలు అమ్ముడుపోతాయో తెలుసు. మూడు రోజులు ఊదితే తన దవడలు, ఖాలిక్ చేతులు ఎంత నొస్తాయో కూడా తెలుసు.

“ఎనిమిది” అన్నాడు. “పైసలు లేకుంటే జొన్నలియ్యి. ఎదురుకోళ్ళ నుంచి అప్పగింతల దాక అన్నిటికీ వస్తం.”

రామయ్య నిట్టూర్చాడు. తల గోక్కున్నాడు. “అయిదు జేసుకోరాదే?”

మొగులయ్య నాలుక కొస దాకా ఆరు అన్న మాట వచ్చింది. దాన్ని మింగేశాడు.

“ఎనిమిదే రామన్నా. అయిదుకు నేనొస్త గానీ, ఖాలిక్ పిల్లలు ఏం తింటరు?”

రామయ్య తేలిగ్గా నవ్వాడు. “నిజమే గదా. మంచిది, ఎనిమిది” అని వెళ్ళిపోయాడు.

మొగులయ్యకు ఇంట్లో కాలు నిలవలేదు. తువ్వాల భుజాన వేసుకుని గబగబా స్టేషన్‌కు నడిచాడు. అప్పుడే రైలొచ్చి ఆగింది. వజ్రమ్మ ముంజల గంప పట్టుకుని కిటికీ నుంచి కిటికీకి పోతోంది. ఆమె ఆయన్ను చూసింది గానీ, చూడనట్టే ఉంది. బేరం మధ్యలో పలకరిస్తే తిడుతుందని తెలుసు కాబట్టి, రైలు కదిలిపోయే దాకా రావిచెట్టు నీడన నిలబడ్డాడు. చివరి డబ్బా దాటాక దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాడు. రామయ్య తల గోక్కున్న సంగతి కూడా వదలకుండా చెప్పాడు.

వజ్రమ్మ చెమట తుడుచుకుంటూ పూర్తిగా విన్నది. మొగుడి మొహంలోకి ఒక్క క్షణం చూసింది.

“మంచిగ జెప్పినవ్” అంది. “ఇగ గా గంప ఎత్తు, ఇంటికి వోదాం.”