లేని గుంత

బ్రేకు ఎందుకు తొక్కలేదు అని అడగడమేమిటి, అదీ నర్సు ముందు, మలుపులో బ్రేకు జోలికి పోకమ్మా, మలుపు రాకముందే గేరు దించు, ఇంజనే బండిని పట్టుకుంటుంది అని బండి నేర్పిన రోజు నుంచి చెవిలో జోరీగలా పోరింది ఈ నాన్నే కదా, ఇప్పుడేమో క్లినిక్ మెట్ల మీద నిలబడి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, ప్రతి మలుపుకీ ముందు ఒకసారి బ్రేకు తొక్కాలి, ఊరికే తాకినా చాలు, తెలిసిందా అని నలుగురూ వినేలా అన్నాడు, నర్సు రక్తం ట్యూబులు ఐసు పెట్టెలో సర్దుతూ, పోనీలే అన్నా, కొత్త కదా అని జాలిపడింది, ఆ జాలికే కూతురికి ఒళ్లు మండింది, పెట్టె వెనక సీటు మీద పెట్టి, రబ్బరు తాళ్లు బిగించి, లాగి చూసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బండి తీసింది, ఇప్పుడు దిగుడు మొదలైంది, ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు, రోడ్డు మీద పొద్దుటి వాన తడి ఇంకా ఆరలేదు, రెండో గేరు, వంపు, మళ్లీ రెండో గేరు, మళ్లీ వంపు, సరే తొక్కుతాను నాన్నా, నీ ఇష్టప్రకారమే తొక్కుతాను, ఇదిగో.

ఆయన వెనకే వస్తున్నాడు, అద్దంలో ఆయన బండి దీపం కనిపిస్తూనే ఉంది, ఈ మధ్య పట్టపగలు కూడా దీపం వేసుకునే తిరుగుతున్నాడు, కొండ ఊళ్ల క్లినిక్కుల నుంచి రక్తం తెప్పించుకునే ల్యాబ్ పద్ధతి ఇది, కొత్తవాళ్లు పెట్టె కట్టుకుని ముందు వెళ్లాలి, పాతవాళ్లు తమ బండి మీద వెనక రావాలి, వారం గడిచాక పాతవాళ్లు మేనేజరు గదిలోకి వెళ్లి పనికొస్తుందనో రాదనో ఒక్క మాట చెప్పాలి, ఆ మాట మీదే కొండ రూటు ఎవరిదో తేలుతుంది, ఈరోజే ఆఖరు, అవతల మేనేజరు మేనల్లుడు కూడా ఈ రూటు కావాలని కూర్చున్నాడు, దీనికోసమే ఆమె బట్టల కొట్టులో పని మానేసింది, మానేసిన రోజు అమ్మ పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది, ఒక్కడు ఆ రోడ్డు మీద తిరుగుతుంటేనే సాయంత్రం దాకా నాకు గుక్కెడు నీళ్లు గొంతు దిగవు, ఇక ఇద్దరా అంది, నాన్నని కొండ మీద అందరూ గడియారం అంటారు, ఆయన హారన్ వినే మాత్ర వేసుకునే ముసలివాళ్లున్నారు, ఈ వారమంతా ఏ క్లినిక్‌లో దిగినా ఒకటే పలకరింపు, గడియారం కూతురొచ్చిందే అని, గడియారం కూతురు ఆలస్యం చెయ్యకూడదు, సాయంత్రంలోగా ల్యాబుకి చేరకపోతే రక్తం పాడవుతుంది, మళ్లీ గుచ్చించుకోమని ఎవరికి చెప్తారు, పై ఊళ్లో ఆ పాపకి నరం దొరక్క నర్సు రెండు చేతులూ వెతికింది, పాప ఏడవలేదు, గుమ్మంలో నిలబడ్డ తన వైపే చూస్తూ కూర్చుంది, ఆ ట్యూబు ఇప్పుడు ఆమె వీపు వెనక ఐసులో ఉంది, వంపు, బ్రేకు తాకాలి, తాకింది.

కానీ ఇందాక క్లినిక్‌కి వచ్చే దారిలో, పడిపోయిన గోడ మలుపులో తను చేసిన తప్పేమిటి, గేరు దించింది, హారన్ కొట్టింది, గీత గీసినట్టు తిరిగింది, తిరిగాక అద్దంలో చూస్తే నాన్న బండి తిరగలేదు, తిన్నగా వస్తోంది, అంచు దాకా వచ్చేసింది, ముందు చక్రం కంకర ఎక్కి జారింది, ఆయన కాలు నేలకి తన్ని బండిని ఎలాగో లోపలికి లాక్కున్నాడు, క్లినిక్ చేరాక ఆయన నేను జారానమ్మా అనలేదు, నువ్వు బ్రేకు తొక్కలేదు అన్నాడు, వేగం ఎక్కువైతే జారాల్సింది తను కదా, తను జారలేదు, ఆయనెందుకు జారాడు, ఈ రోడ్డు మీద ఆయన జారడం ఆమె ఎప్పుడూ చూడలేదు, మీ నాన్నకి నా మొహం కంటే ఆ రోడ్డే బాగా గుర్తు అని అమ్మ దెప్పుతుంటుంది, చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెనక కూర్చుని ఇదే రోడ్డు దిగేది, లోయ చూడలేక కళ్లు గట్టిగా మూసుకుని ఆయన వీపుకి చెంప ఆనించేది, ఆ వీపు ఎటు వాలితే అటు వాలేది, కిందికి చేరాక, చూశావా ఎన్ని మలుపులో అనేవాడు, చూశాను అనేది, ఆయనకి తెలుసో లేదో, అదిగో లారీ, ఎదురుగా, కర్రల లోడు, ఆమె రెండుసార్లు హారన్ కొట్టి కొండ పక్కకి ఒదిగింది, లారీ మోకాలికి వేడి తగిలిస్తూ పోయింది, అద్దంలో నాన్న దీపం, అదీ ఒదిగే ఉంది, హమ్మయ్య.

హారన్ కొట్టింది కాబట్టి ఒదిగాడు, కొట్టకపోతే, ఈ ఆలోచన ఎక్కడిది, ఆమె దాన్ని పక్కకి నెట్టింది, అది పోలేదు, రాత్రి భోజనాలయ్యాక ఆయన ఆమె బండి దగ్గర గొంతుక్కూర్చుని వెనక బ్రేకు లైటు విప్పి బల్బు మార్చాడు, పాతది బాగానే ఉంది కదా నాన్నా అంటే, ఇది ఇంకాస్త వెలుగిస్తుందిలే, వెనకవాళ్లకి కనపడాలి అన్నాడు, పొద్దున బయల్దేరే ముందు జేబురుమాలుతో ఆ ఎర్ర అద్దాన్ని తుడిచాడు, తన బండి దులపలేదు, తన హెల్మెట్ అద్దం తుడవలేదు, ఆమె బండి వెనక లైటు తుడిచాడు, వెనకవాళ్లంటే ఎవరు, వెనక వచ్చేది ఆయనే కదా, మొదటి క్లినిక్‌లో ట్యూబు మీద చీటీ ఆమెకి ఇచ్చి, ఈ నర్సుల రాత దేవుడికి కూడా అర్థం కాదు, నువ్వు చదువు అన్నాడు, అది చేతిరాత కాదు, అచ్చు, ఫ్లాస్కులోంచి టీ ఒంపితే సగం చేతి తొడుగు మీద పడింది, వణుకమ్మా, చలి అన్నాడు, చలి లేదు, హాల్లో బల్బు వెలుగు చాలడం లేదని పెద్దది తెచ్చి పెట్టాడు, కళ్లు పోతున్నాయి ఆపండి అంది అమ్మ, చీకటి పడ్డాక బండి తియ్యడం మానేశాడు, పురుగులు కంట్లో పడుతున్నాయట, హెల్మెట్ అద్దం వేసుకుంటే ఏ పురుగు పడుతుంది నాన్నా.

కాదు, అయి ఉండదు, ఏదో ఒకటి అనుకుంటే అన్నీ అలాగే కనిపిస్తాయి, ముందు రోడ్డు కాస్త తిన్నగా సాగింది, గుంతలు లేవు, గులకరాయి కూడా లేదు, ఆమె ఏం చేస్తోందో తనకే పూర్తిగా తెలియకుండా హ్యాండిల్ కొంచెం ఎడమకి తిప్పింది, వెంటనే కుడికి తిప్పి మళ్లీ తన దారిలోకి వచ్చింది, గుంత ఉంటే తప్పించుకున్నట్టు, అంతే, ఆ తర్వాత అద్దంలో చూసింది, నాన్న దీపం అదే చోటికి వచ్చింది, ఎడమకి జరిగింది, కుడికి తిరిగింది, మళ్లీ దారిలోకి వచ్చింది, లేని గుంతని నాన్న జాగ్రత్తగా తప్పించుకున్నాడు.

అయితే వారం నుంచీ ఇంతేనా, రోడ్డు ఆయనకి కనపడటం లేదు, తిన్నటి చోట తన బండి మసక ఆకారం, మలుపు దగ్గర ఎర్ర లైటు, అంతే కనపడుతోంది, ఆమె వెలిగిస్తే మలుపు, వెలిగించకపోతే తిన్నటి రోడ్డు, మిగతా మలుపుల్లో కొత్త భయానికి కాలు బ్రేకుని తాకే ఉంటుంది, గోడ మలుపులో ఆమె ఒట్టి గేరు దించి తిరిగింది, లైటు వెలగలేదు, ఆయనకి అక్కడ మలుపే లేదు, నేనే చంపేసేదాన్ని, నేర్పింది నేర్పినట్టే చేసి చంపేసేదాన్ని, ఆపాలి, ఇప్పుడే ఆపాలి, ఎక్కడ ఆపాలి, రోడ్డుకి పక్క అనేదే లేదు, ఆయన వెనక ఇంకో లారీ దిగుతోంది, దాని ఇంజను మూలుగు వినిపిస్తోంది, ఇక్కడ ఆగితే ఆయన తన మీదికి వస్తాడు, లారీ ఆయన మీదికి వస్తుంది, వంతెన దాటాక రోడ్డు పనివాళ్లు కంకర పోసుకునే జాగా ఉంది, అక్కడిదాకా తీసుకెళ్లాలి, వస్తున్నాడా, అద్దంలో దీపం, వస్తున్నాడు, ఇప్పుడు, వస్తున్నాడు, ఇప్పుడు, కళ్లు ముందుకి తిప్పేసరికి తన చక్రం అంచున ఉన్న తెల్లరాళ్లకి జానెడు దూరంలో ఉంది, లోపలికి లాగింది, అద్దంలో ఆయన దీపం కూడా తెల్లరాళ్ల దాకా పోయి లోపలికి వచ్చింది, తను ఎటు పోతే అటు వస్తాడు, లోయలోకి పోతే లోయలోకి వస్తాడు, చూపు ఎటు పోతే బండి అటే పోతుందమ్మా, ఇదీ ఆయన మాటే, అయితే ఆయన్ని చూడకూడదు, ఎంత చూడాలనిపించినా చూడకూడదు, ఆమె అద్దాన్ని చేత్తో ఆకాశం వైపు తిప్పేసింది, మలుపుకి ముందు బ్రేకు తాకింది, కాసేపు పట్టి ఉంచింది, వదిలింది, తిరిగింది, మళ్లీ మలుపు, తాకింది, పట్టింది, వదిలింది, హారన్, వెనక ఇంజను చప్పుడు వినిపిస్తోంది, ఆయన బండి చప్పుడు నిద్రలో కూడా గుర్తు పడుతుంది, అది చాలు, వంతెన, ఇనుప పట్టీల మీద తన చక్రం గలగలమంది, కొంచెం ఆగి ఇంకో గలగల, ఇండికేటర్ వేసింది, చాలా ముందుగా వేసింది, మెల్లగా, ఇంకా మెల్లగా, కంకర గుట్ట పక్కకి దిగి ఆగింది, ఆయన వచ్చి పక్కనే ఆగాడు, వెనక లారీ విసుగ్గా హారన్ మోగించుకుంటూ పోయింది.

పెట్టె వదులైందా అన్నాడు ఆయన హెల్మెట్ తీయకుండానే, పెట్టె బాగానే ఉంది, గుంత ఎలా ఉంది నాన్నా అంది ఆమె, ఏ గుంత, ఇందాక తిన్నటి రోడ్డు మీద తప్పించుకున్నావే అది, ఆ, పెద్దదే పడింది, వానకి అన్నాడు, అక్కడ గుంత లేదు నాన్నా, ఆయన ఇంజను ఆపి, హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాడు, ఆమె మొహానికి కాస్త పక్కగా చూస్తూ, మీ అమ్మకి పట్టుబడకుండా ఇంతకాలం నెట్టుకొచ్చాను, నీకు వారంలో దొరికిపోయానా అని నవ్వబోయాడు, ఆమె నవ్వలేదు, ఎప్పటి నుంచి అంది, ఎడమది కిందటేడు నుంచే మసక, కుడిది ఈ వానల్లో మొదలైంది, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నారు, సెలవు పెడితే రూటు ఆ మేనల్లుడికి పోతుంది కదా, నీకు అప్పగించాక చేయించుకుందామని, ఆగాడు, అబద్ధం ఎందుకులే, నీకోసమే కాదు, ఈ రోడ్డు లేకుండా ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను అన్నాడు, ఆమెకి అరవాలనిపించింది, చచ్చిపోయేవాడివి అని, నేను అద్దంలో చూస్తూ ఉండగా చచ్చిపోయేవాడివి అని, నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది, చెయ్యి చాపింది, తాళం ఇవ్వు, బండి ఇక్కడ వదిలేస్తే ఎవడైనా, నాన్నా తాళం, ఆయన తాళం తీసి చాపాడు, ఆమె చెయ్యి ఉన్న చోటుకి కొంచెం ఇవతల, ఆమె చెయ్యి జరిపి అందుకుంది, అమ్మకి నేను చెప్పను, నువ్వే చెప్తావు, ఈ రాత్రే, అన్నం తినకముందే అంది, తిన్నాక చెప్తానమ్మా, చెప్పాక పెట్టదు అన్నాడు, అప్పుడొచ్చింది నవ్వు, నవ్వుతోపాటే ముక్కు కారింది, తొడుగుతో తుడుచుకుంది.

పెట్టె తాళ్లు విప్పి ఆయన ఒళ్లో పెట్టింది, ఆయన వెనక సీటు మీద కూర్చుని కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక వెతుక్కున్నాడు, ఆమె వంగి ఆయన పాదాన్ని పట్టుకుని ఫుట్‌రెస్ట్ మీద పెట్టింది, మొదటి మలుపులో బండి బరువుగా వాలింది, ఆయన బిగుసుకుంటాడేమో, ఎదురు వాలతాడేమో అని భయపడింది, రెండో మలుపులో ఆయన హెల్మెట్ ఆమె హెల్మెట్‌కి టక్కున తగిలింది, సారీ అన్నాడు, మూడోదాంట్లో తగల్లేదు, ఆమె ఎటు వాలితే అటు వాలాడు, ఆమె అలవాటు కొద్దీ బ్రేకు తాకబోయి ఆగింది, వెనక ఎవరూ లేరు, గేరు దించింది, ఇంజను బండిని పట్టుకుంది, వీపుకి పెట్టె చల్లగా తగులుతోంది, ఆయన ఊపిరి మెడ మీద తెలుస్తోంది, కళ్లు మూసుకున్నాడని ఆమెకి ఎలా తెలిసిందో తెలియదు, తెలిసింది, వారమంతా వెనక నుంచి తన తప్పులు లెక్కపెడుతున్నాడని, ఇంటికెళ్లి ఏమంటాడో, మేనేజరుకి ఏం చెప్తాడో అని మలుపు మలుపుకీ వణికింది, ఆయన ఆమెని చూడనే లేదు, తన బండి మీద నుంచే ఆమె వీపుకి చెంప ఆనించి కూర్చున్నాడు, అంతే, ఈరోజు కాదు, వారం నుంచీ, ఆమె చిన్నప్పుడు కూర్చున్నట్టే.