వీపుకి మందు

మేడల మీద సోలార్ పలకలు కడగడం నా పని. కిందపడకుండా భుజాల మీదుగా, వీపు మధ్యగా బెల్టు బిగించుకోవడం నాకు ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. ఒంటి మీద చొక్కా ఉంచుకోవాలన్న ఇంగితం మాత్రం ఆ రోజు లేకపోయింది. ఆకాశం నిండా మబ్బు. తడిసిన చొక్కా వీపుకి అంటుకుని చిరాకు పెడుతుంటే విప్పి పిట్టగోడ మీద పడేసి, మళ్ళీ బెల్టు తగిలించుకున్నాను. ఎండే లేదు కదా అని మధ్యాహ్నం దాకా వంగి రుద్దుతూనే ఉన్నాను. ఇదివరకు ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఇద్దరి పని ఒక్కడు చెయ్యగలడని ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి ఈమధ్యే జ్ఞానోదయమైంది. రెండోవాడు ఉండి ఉంటే "ఒరేయ్, వీపు కమిలిపోతోంది, చొక్కా వేసుకో" అనేవాడు.

సాయంత్రానికి వీపు పెనమైంది. విచిత్రంగా గడ్డం కింద కూడా మంట. పైనుంచి కాల్చింది చాలక, పలకల మీద పడ్డ వెలుగు కిందనుంచి కూడా వడ్డించింది. ఫ్రిజ్‌లోంచి ఐసుగడ్డలు తీసి, పక్క మీద పరిచి వాటి మీద పడుకున్నాను. కాసేపు హాయి. తర్వాత మంట రెట్టింపై ప్రాణం జివ్వుమంది.

"ఐసా! కాలినదాన్ని మళ్ళీ కాల్చుకున్నారా అన్నయ్యగారూ?" అంది మర్నాడు మందుల షాపావిడ. "చల్లటి నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి వేసుకోండి, చాలు. ఈ కలబంద జెల్ పల్చగా రాయాలి, రుద్దకూడదు. పొక్కులు చిదమొద్దు, పొర లేస్తే పీకొద్దు. నీళ్ళు బాగా తాగండి. చలిజ్వరం వచ్చినా, పొక్కుల్లో చీము కనపడినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి."

"నిన్న మబ్బుగా ఉంది కదమ్మా" అన్నాను, తప్పంతా ఆకాశానిదే అన్నట్టు.

"వేడి తెలీదంతే. మబ్బున్నా ఒళ్ళు కాలుతుంది. వీపు మీకు కనపడదు కదా, రోజూ వదినగారిని చూడమనండి. మందు కూడా ఆవిడతోనే రాయించుకోండి."

"అలాగేనమ్మా" అన్నాను. వాళ్ళ వదినగారు పోయి చాలాకాలమైందని చెబుదామంటే, నా వెనక జనం నిలబడి ఉన్నారు.

ఇంటికొచ్చి కుస్తీ మొదలెట్టాను. చెయ్యి పైనుంచి వేస్తే భుజం దాటదు, కిందనుంచి పెడితే నడుము దాటదు. గరిటెకి గుడ్డ చుట్టి దాని మీద జెల్ పిండితే సగం గోడకి పూసుకుంది. చివరికి స్నానాలగది గోడకి జెల్ రాసి, గేదె గుంజకి ఒరుసుకున్నట్టు ఒరుసుకున్నాను. పొక్కు ఒకటి చితికింది. మనిషి వీపు మనిషికే అందకుండా చేసినవాణ్ణి నోరారా తిట్టి, ఆ తడి నేల మీదే కూలబడి ఏడ్చాను. పిలిస్తే వచ్చేవాళ్ళు ఒక్కరూ లేరు నాకు.

పొద్దున్న వీధి చివరి సెలూన్ గుర్తొచ్చింది. అక్కడైతే ముందొక అద్దం, వెనక పట్టి చూపించడానికి ఇంకొకటి. చీము పట్టిందో లేదో నేనే చూసుకోవచ్చు.

"మొన్ననే కదా బాబాయ్ కటింగ్ చేశాను?" అన్నాడు సెలూన్ అతను.

"కటింగ్ కాదు. వెనక అద్దం పట్టు" అని చొక్కా విప్పాను.

వీపంతా కమిలి, పొక్కులు పొక్కులుగా ఉంది. బెల్టు ఉన్నచోట మాత్రం వెడల్పాటి పట్టీలా నా మామూలు రంగు మిగిలింది. చీము లేదు.

"అమ్మ బాబోయ్! ఎవరి నిర్వాకం ఇది?"

"నాదే."

నేను అడగలేదు. జేబులోంచి తొంగిచూస్తున్న ట్యూబు తనే తీసుకుని రాయడం మొదలెట్టాడు. చల్లగా, మెత్తగా ఇంకొకరి చెయ్యి. కుర్చీ గట్టిగా పట్టుకున్నాను.

"మండుతోందా బాబాయ్?"

"ఊఁ" అన్నాను. అప్పుడు మండడం లేదు.

ఆ రోజు నుంచి బేరాలు రాకముందే వెళ్ళి కూర్చునేవాణ్ణి. రాస్తూ అతను తన అత్తగారి గురించి చెప్పేవాడు. ఆవిడ నోరు విప్పితే వీధి కుక్కలు కూడా సర్దుకుంటాయట. నేను లేస్తూనే ఇవాళ అతనికి ఏం కబుర్లు చెప్పాలా అని ఆలోచించుకునేవాణ్ణి. పొక్కులు అణిగాయి, పొర ఊడింది, కింద లేత చర్మం కనపడింది. వీపు మానుతున్నకొద్దీ నాకు గుబులు పట్టుకుంది.

"అయిపోయింది బాబాయ్" అన్నాడు ఒక పొద్దున్న. "శుభ్రంగా మానింది. ఇక చొక్కా విప్పకుండా పని చేసుకోండి. రేపట్నుంచి రానక్కర్లేదు."

"ఇంకా మండుతోంది" అన్నాను.

"ఎక్కడ?"

"మధ్యలో."

వేలు పెట్టాడు. "ఇక్కడా?"

"అక్కడే. బాగా."

అతని వేలు కదల్లేదు. "బాబాయ్, ఇది బెల్టు ఉన్న చోటు. ఇక్కడ అసలు కాలనే లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంత వయసొచ్చి, బడి ఎగ్గొట్టే పిల్లాడిలా దొరికిపోయాను. తలెత్తకుండా చొక్కా అందుకుని ఒక చెయ్యి దూర్చాను. గడ్డం గీయించుకోవడానికి ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"కాస్త కూర్చోండి సార్, ఈయనది అవలేదు" అని వాళ్ళతో చెప్పాడతను. నా భుజం మీంచి చొక్కా దించి, జెల్ వేళ్ళ మీదకి పిండుకుని, కాలని చోట పల్చగా రాయడం మొదలెట్టాడు.